చెక్క రైలుతో అత్తయ్య దగ్గరికి

మా ఇంటికొచ్చే పెద్దమనుషులు ఈ మధ్య గుమ్మంలోనే ఆగిపోతున్నారు. వసారా నిండా కర్ర పట్టాలు, వాటి మధ్య బాసింపట్టు వేసుకుని నేను. నలభై ఏడేళ్ళవాణ్ణి, గుడివాడలో లెక్కల మేష్టర్ని, బొంగరం తెచ్చిన పిల్లాడి చెవి మెలిపెట్టి లాక్కునేవాడినని పేరున్నవాణ్ణి. "ఎవరి కోసమండీ ఈ రైలు?" అంటారు. నా కోసమేనంటే నవ్వుతారు. ఒక్కొక్కరికీ చెప్పి చెప్పి నోరు నొప్పెట్టింది. మొత్తం ప్రయాణం ఒకసారి రాసి పడేస్తే, అడిగినవాళ్ళ చేతిలో కాయితాలు పెట్టి నా పని నేను చూసుకోవచ్చు.

అసలు నేను బయల్దేరింది బొమ్మల కోసం కాదు, మా సీతమ్మత్తయ్య కంటి కోసం. ఆవిడ మా నాన్నగారి అక్క. దివిసీమలో, అవనిగడ్డకి కాస్త దూరంలో, ఒక చిన్న అగ్రహారంలో మా చిన్నాన్నగారింట్లో ఉంటుంది. తల్లి లేని నన్ను పెంచింది ఆవిడే. రెండు కళ్ళకీ శుక్లాలు ముదిరాయి. ఎడమ కన్ను పోయినట్టే. కుడి కంటితో మనిషి వచ్చాడో గేదె వచ్చిందో తెలుస్తుంది, అంతే. అవనిగడ్డ వచ్చిన బందరు డాక్టరు చూసి, "మద్రాసు తీసుకెళ్ళి ఆపరేషను చేయిస్తే కుడి కన్ను దక్కుతుంది. ఈ వేసవి దాటితే నా పూచీ లేదు" అన్నాడు.

మద్రాసంటే రైలు. అత్తయ్య రైలెక్కనంది. నాలుగు ఉత్తరాలు రాశాను. నాలుగింటికీ ఒకటే జవాబు రాయించింది, మనకంటూ ఒక పడవ మాట్లాడితే వస్తానని. పడవలో కాలవలు పట్టుకుని మద్రాసు చేరేసరికి కంటి మాట దేవుడెరుగు, మనిషి మిగలొద్దూ!

పాపం, భయం కాబోలనుకున్నాను. దివిసీమలో రైలు లేదు. డెబ్భై ఏళ్ళలో ఆవిడ రైలు చూసింది లేదు, దాని కూత విన్నది లేదు. మా డ్రాయింగు మేష్టరు ఒక ఉపాయం చెప్పాడు. "బందర్లో మా దూరపు బావ ఒకాయన ఇంట్లో రైలు నడుపుతున్నాడండీ, బొమ్మదే అనుకోండి. అది తీసుకెళ్ళి ఆవిడ చేతికివ్వండి. తడిమి చూస్తే బెరుకు పోతుంది" అన్నాడు. నాకూ బాగానే ఉందనిపించింది. వేసవి సెలవలివ్వగానే సంచీ భుజాన వేసుకున్నాను.

బందరు

ఆ బావగారి పేరు రామనాథం గారు. కోర్టులో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. నేను వెళ్ళేసరికి పదకొండు. ఆకులు వేసి ఉన్నాయి గానీ ఎవరూ కూర్చోలేదు. ఆయన భార్య విసనకర్రతో విసురుకుంటూ, "ఇంకా బండి వెళ్ళలేదు బాబూ" అంది. ఏ బండి అని అడగబోయేలోపల స్టేషను వైపు నుంచి కూత వినిపించింది. వెంటనే గదిలో ఏదో కిర్రుమని, తరవాత గరగరమని శబ్దం. అప్పుడావిడ, "హమ్మయ్య, లేవండి వడ్డిస్తాను" అంది.

సంగతేమిటంటే, బందర్లో రైలు కదిలితేనే ఆయన గదిలో రైలు కదులుతుంది. అది ఆలస్యమైతే ఇదీ ఆలస్యమే, భోజనాలూ ఆలస్యమే. పదేళ్ళుగా ఇదే తంతట. "అసలు రైలు లేటయితే గార్డుని తిట్టుకోవచ్చు. నేనెవర్ని తిట్టుకోను?" అందావిడ. మామిడికాయ పప్పు, కొత్తావకాయ, మీగడ పెరుగు. తిట్టుకునే మనిషి చేతి వంటలా లేదు.

భోజనమయ్యాక గదిలోకి తీసుకెళ్ళారు. చేతులు కడుక్కుని, తుడుచుకుని మరీ వెళ్ళాలి. నేలమీద గుండ్రంగా ఇనప పట్టాలు, వాటి మీద జర్మనీ రేకు బండి. ఆకుపచ్చ ఇంజను, మూడు పెట్టెలు. అద్దాల బీరువాలో మరో ఐదు ఇంజన్లున్నాయి. ఊళ్ళోంచి వెళ్ళిపోతున్న దొరల దగ్గర కొన్ని, బొంబాయి నుంచి తెప్పించినవి కొన్ని. ఒక్కొక్కదాన్నీ తీసి, ఇది ఎక్కడిది, దీని స్ప్రింగు ఎప్పుడు విరిగింది, ఎవరు బాగుచేశారు అని చెప్పుకొస్తున్నారు. పిల్లల నక్షత్రాలు కూడా అంత వివరంగా చెప్పరెవరూ.

మొదట్లో నాకు నవ్వొచ్చింది. అబద్ధమెందుకు, జాలి కూడా వేసింది. తరవాత ఆయన తాళంచెవి తిప్పి బండిని వదిలారు. వంపు దగ్గర పెట్టెలు ఒకదాని వెనక ఒకటి ఒద్దికగా ఒరిగి, మళ్ళీ నిటారుగా అయ్యాయి. పదేళ్ళుగా నేనెక్కుతున్న రైలు అలా ఒరుగుతుందని నాకు తెలియనే తెలియదు. లోపల కూర్చున్నవాడికి రైలు కనిపించదు కదా! "ఇంకొక్కసారి" అన్నాను. ఆయన మళ్ళీ తిప్పారు. "ఇంకొక్కసారండీ" అన్నాను. సాయంత్రమైంది.

చివరికి సిగ్గు విడిచి, నేను తిప్పుతానన్నాను. ఆయన నా గోళ్ళు పరీక్షించి తాళంచెవి ఇచ్చారు. ఆత్రం కొద్దీ రెండు చుట్లు ఎక్కువ తిప్పినట్టున్నాను, బండి వంపు దగ్గర పట్టాలు దూకి, గుమ్మం దాటి, కాఫీ తెస్తున్న ఆవిడ కాలి బొటనవేలికి తగిలింది. కాఫీ నామీద పడింది. రామనాథం గారు భార్య కాలు చూడలేదు, నా చొక్కా చూడలేదు. ఇంజను తీసి చెవి దగ్గర పెట్టుకుని విన్నారు. "ప్రాణం ఉంది" అన్నారు.

ఇంత జరిగాక దాన్ని దివిసీమకి పంపమని ఏ మొహం పెట్టుకుని అడగను? అయినా అడిగాను. ఆయన కోప్పడలేదు. "రేకు బండి ఇవ్వలేను మేష్టారూ, పడవలో తడి తగిలితే తుప్పు పడుతుంది. పెడనలో వీరాచారి అని అచ్చులు చెక్కేవాడున్నాడు. దీన్ని చూసి చెక్కతో ఒకటి చేసుకున్నాడు. నా పేరు చెప్పండి" అన్నారు.

పెడన

మర్నాడు పొద్దున్నే బండెక్కి పెడనలో దిగాను. నేను గుడివాడ నుంచి వచ్చేటప్పుడు దాటొచ్చిన ఊరే. కలంకారీ బట్టల మీద అద్దే టేకు అచ్చులు చెక్కడం వీరాచారి పని. వసారాలో లతలు, హంసలు, మామిడి పిందెలు చెక్కిన దిమ్మలు గోడెత్తు పేర్చి ఉన్నాయి. మిల్లు బట్టలొచ్చాక గిరాకీ పడిపోయి, చెయ్యి ఊరుకోలేక రైలు మొదలెట్టాడట.

బయటికి తీశాడు. అబ్బ, ఏమి పనితనం! ఇంజను చక్రాల ఆకులు కూడా విడివిడిగా చెక్కాడు. నాలుగు పెట్టెలు. పై కప్పు గంధప్పెట్టె మూతలా ఊడొస్తుంది, లోపల బల్లలు, కిటికీలు. దారం కట్టి లాగితే నేలమీద మెత్తగా దొర్లుతుంది. అయితే చూస్తున్నకొద్దీ ఏదో తేడాగా ఉంది. ఇంజను మీద అంకెలు తిరగబడి ఉన్నాయి. డ్రైవరు తల బయటపెట్టే వైపు ఇటుండాల్సింది అటుంది. మెట్లు, తలుపుల గొళ్ళేలు, అన్నీ అద్దంలో చూసినట్టున్నాయి.

"ఇదేమిటి ఆచారిగారూ, అంతా తిరగేసి చెక్కారు?" అన్నాను.

ఆయన తెల్లబోయి చూశాడు. "తిరగేసి చెక్కకపోతే ఎట్టాగండీ? అద్దితే సరిగ్గా రావద్దూ?"

"రైలుని ఎక్కడ అద్దుతారండీ?"

అప్పుడు గానీ ఆయనకి తట్టలేదు. ముప్పై ఏళ్ళుగా ఏది చూసినా చెయ్యి తిరగేసే చెక్కుతోంది. రేకు బండిని పక్కన పెట్టుకుని మరీ చేశాడట, అయినా తెలియలేదు. ఒక్క నిమిషం చిన్నబుచ్చుకుని కూర్చున్నాడు. తరవాత లేచి, నల్లరంగు పళ్ళెం తెచ్చి, ఇంజను పక్కభాగానికి రంగు పూసి, బట్టముక్క మీద అద్దాడు. అంకెలు సరిగ్గా, డ్రైవరు సరైన వైపు, ఇంజను బట్టమీదికి దిగింది. "చూశారా, తప్పు నాది కాదండి" అన్నాడు. ఇద్దరం పడీపడీ నవ్వాం. బట్టముక్క కూడా మడిచి నాకే ఇచ్చాడు. అత్తయ్య చేత్తో చూసేదే గనక ఎటు చెక్కితేనేం అనుకుని, మళ్ళీ తెచ్చిస్తానని చెప్పి రైలుని సంచీలో పెట్టుకున్నాను.

రేవు

బందరు నుంచి చల్లపల్లి దాకా మోటారు బస్సు. అక్కణ్ణించి ఒంటెద్దు బండి మీద మోపిదేవి దాటి, రేవులో పడవ ఎక్కాలి. గుడివాడలో అర్ధణా పారేస్తే కాఫీ ఎక్కడైనా దొరుకుతుంది. ఈ రేవులో కాఫీ అని అడిగితే తాటిముంజలు చేతిలో పెట్టారు. వేసవి కృష్ణ సన్నగా ఉంది, అయినా అవతలి ఒడ్డుకి పడవ కావాల్సిందే.

సంచీలోంచి పొగగొట్టం బయటికి కనిపించి ఒకతను అదేమిటన్నాడు. తీసి చూపించాను. ఇక పడవలో అందరి చేతులూ తిరిగింది. పడవ సరంగు గెడ పక్కవాడికిచ్చి మరీ ఒళ్ళో పెట్టుకున్నాడు. "మా దివికి రైలొస్తుందంటే ఎప్పుడో అనుకున్నా. మీరు సంచీలో తెచ్చేశారు" అన్నాడు. దిగేటప్పుడు నా దగ్గర డబ్బు తీసుకోలేదు. రైలుకి టిక్కెట్టుండదట.

అగ్రహారం

అత్తయ్య నా అడుగు చప్పుడు పోల్చి, "సూరీ, చిక్కిపోయావురా" అంది. కంటికి ఏమీ ఆనదు, నేను చిక్కిపోయిన సంగతి మాత్రం ఆనుతుంది. భోజనాలయ్యాక దొడ్డివైపు వసారాలో చాప మీద రైలు పెట్టి, ఆవిడ చేతులు పట్టి దానిమీద వేశాను.

రైలు గురించి నేను చెప్పదలచుకున్న పాఠమంతా వృథా అయింది. ఆవిడకి బెరుకేమీ లేదు. చక్రాలు తిప్పింది. పొగగొట్టంలో వేలు పెట్టింది. కప్పు ఊడదీసి బల్లలు తడిమి, "చక్కగా ఉందిరా, అరుగుల్లా వేశాడు" అని మురిసిపోయింది. దారం పట్టుకుని లాగింది, నన్ను అటు కూర్చోమని నావైపు తోసింది. నేను ఇటు తోశాను. ముసలావిడా, మేష్టరూ, ఆ మధ్యాహ్నమంతా అదే పని. మా చిన్నాన్న వచ్చి చూసి, రైలుకి దారిచ్చి వెళ్ళిపోయాడు.

మర్నాడు చింతగింజలు తెప్పించింది. ఒక్కో గింజ ఒక్కో మనిషట. బల్లల మీద వరసగా పేరుస్తూ అడిగింది.

"నిజం రైల్లో ఎందరుంటార్రా?"

"నాలుగైదు వందలమంది ఉంటారు అత్తయ్యా."

"అందరూ ఏదో పనిమీద బయల్దేరినవాళ్ళేనా?"

"ఊరికే ఎవరెక్కుతారు? పెళ్ళిళ్ళకి, కోర్టుకి, ఉద్యోగాలకి."

గింజలన్నీ సర్దింది. ఒకటి మాత్రం గుప్పిట్లోనే ఉంచుకుంది. "అది నువ్వేగా? ఎక్కించు మరి" అన్నాను.

"నేనెక్కనురా."

"ఇంకా ఏం భయం అత్తయ్యా? పిల్లలు కూడా ఎక్కుతున్నారు. మరీ విడ్డూరం కాకపోతే!" కసురుకున్నాననే చెప్పాలి.

ఆవిడ మెల్లిగా అంది. "భయమని ఎవరన్నార్రా నీతో? పదకొండో ఏట బొట్టు పోయింది నాకు. అప్పట్నించీ ఈ వీధిలో ఒక్క మనిషి బయల్దేరుతున్నాడంటే దొడ్లోకి తప్పుకునేదాన్ని, ఎదురొస్తే వాళ్ళ పని చెడుతుందని. నువ్వు చదువుకి వెళ్ళిననాడూ అంతే. బావి వెనకాల నించున్నాను. ఇప్పుడు ఒక్క కంటి కోసం, అయిదు వందలమంది ప్రయాణానికి ఒక్కసారే ఎదురెళ్ళమంటావా?"

నేను చదువుకి వెళ్ళిన రోజు ఆవిడ గుమ్మంలో లేకపోతే, పనిలో ఉందనుకున్నాను. ముప్పై ఏళ్ళపాటు అలాగే అనుకున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను. అదంతా ఒట్టి మూఢనమ్మకమని ఉపన్యాసమిచ్చాను, శాస్త్రం లేదన్నాను. ఆవిడ అన్నీ విని, "నీకేం, నువ్వు చదువుకున్నావు. వాళ్ళు చదువుకోలేదుగా" అంది.

మూడోరోజు పొద్దున పోలమ్మ వచ్చింది. నాగాయలంక అవతల పల్లెలో ఉంటుంది, ఎండుచేపలమ్ముతుంది. ఈ వీధిలో ఆమె సరుకు కొనేవాళ్ళు లేరు గానీ, దారి కాబట్టి దొడ్డి కంచె దగ్గర గంప దించి అత్తయ్య చేత మజ్జిగ పోయించుకుని వెళ్తుంది. వసారాలో రైలు చూసి సంగతేమిటని అడిగింది. అత్తయ్య దాచకుండా చెప్పింది.

పోలమ్మ నడుం మీద చేతులేసుకుని నవ్వింది. "అదా అమ్మగోరూ తమరి బాధ! బందర్లో ఎక్కి గుడివాడ సంతకి నేను పోయేది రైల్లోనేగా. నేనెవర్ని? మొగుణ్ణి సముద్రానికిచ్చినదాన్ని. నా పక్కన కూర్చునే ముగ్గురూ బొట్టులేనోళ్ళే. కాశీకని, కూతురి పురిటికని, తమబోటి ముసుగు బామ్మలు పెట్టెకి ఇద్దరు తగుల్తారు. మేమంతా దిగిపోతే రైలు సగం ఖాళీ. మమ్మల్ని చూసి ఆ రైలు ఏనాడన్నా వెనక్కెళ్ళి, కూర్చుని, మంచినీళ్ళు తాగి, మళ్ళీ బయల్దేరిందా?"

పోలమ్మ వెళ్ళిపోయాక అత్తయ్య చాలాసేపు గింజల మీద వేళ్ళు ఆడిస్తూ కూర్చుంది. మధ్యాహ్నం నన్ను పిలిచింది. గుప్పిట్లో గింజ తీసి, చివరి పెట్టెలో, చివరి బల్లమీద పెట్టింది. "ఇక్కడైతే వస్తాను. అందరూ నాకు ముందుంటారు. నేనెవరికీ ఎదురవ్వను." లెక్కల మేష్టర్ని, ఆ లెక్కలో నాకు తప్పు కనిపించలేదు.

బందరు స్టేషను

దారిలో మరెవరూ ఎక్కకుండా పడవా బండీ మాకే మాట్లాడుకుని, వారం తిరక్కుండా అత్తయ్యతో బందరు స్టేషన్లో ఉన్నాను. రైలు వచ్చి ఆగింది. ఇంజను అటు చివర ఉంది కాబట్టి, ఇటు చివరి పెట్టె చూసుకుని, దర్జాగా ఆవిడని ఎక్కించి తలుపు పక్కన కూర్చోబెట్టాను. "ఇదే చివరిది అత్తయ్యా" అన్నాను. ఆవిడ ముసుగు సర్దుకుని కుదురుగా కూర్చుంది.

కాసేపటికి పక్క పట్టాల మీద ఏదో బుసకొడుతూ వెళ్ళింది. తరవాత మా పెట్టె ధడేలున ఊగింది.

"సూరీ, ఈ రొద మన పక్కనే ఉందేమిట్రా?"

తల బయటపెట్టి చూశాను. బందరు దారి చివర. వచ్చిన రైలు వచ్చిన దారినే పోవాలి, ఇంజను ఊడి ఇటు చివరకొచ్చి తగులుకుంటుంది. పదేళ్ళుగా చూస్తున్న సంగతే. కానీ ఇన్ని రోజులూ నా బుర్రలో రామనాథం గారి గుండ్రటి పట్టాలే తిరుగుతున్నాయి, వాటి మీద ఇంజను చోటు మారదు. మాది ఇప్పుడు మొట్టమొదటి పెట్టె.

ఆవిడతో అబద్ధం చెప్పలేకపోయాను. నిజం చెప్పేలోపలే ఇంకోటి జరిగింది. పట్టు ఉత్తరీయం, చేతిలో తాంబూలం పళ్ళెంతో ఒకాయన మా పెట్టె మెట్టు మీద కాలు పెట్టాడు. తలెత్తి అత్తయ్యని చూశాడు. కాలు తీసేశాడు. ఏదో గొణుక్కుంటూ వెళ్ళి, నీళ్ళ కుండల పక్క బల్లమీద కూర్చుని, గ్లాసుతో నీళ్ళు పోయించుకున్నాడు. అత్తయ్యకి చూపు లేదు గానీ, వెనక్కి తగ్గిన అడుగు వినిపించింది.

"దించరా నన్ను."

"అత్తయ్యా, బండి కదలబోతోంది."

"దించమంటే దించు!" మూట పట్టుకుని తలుపు దగ్గరికి వచ్చేసింది. నేను చెయ్యి పట్టుకుని ఆపుతున్నాను. అంతలో ఈల, కూత, బండి కదిలింది. ఆయన ఉలిక్కిపడి గ్లాసు పారేసి పరిగెత్తాడు. ఒక చేతిలో పళ్ళెం, పంచె కాళ్ళకి అడ్డం. జనం కేకలు. నేనింకా ఏం చెయ్యాలో ఆలోచిస్తున్నాను. అత్తయ్య ఆలోచించలేదు. మూట వదిలేసి, ఎడమ చేత్తో ఊచ పట్టుకుని, పరుగు వినిపించిన వైపుకి కుడి చెయ్యి చాచింది.

"ఎక్కు నాయనా, ఎక్కు! పట్టుకో!"

ఆయన ఒక్క క్షణం ఆ చేతికేసి చూశాడు. తరవాత పట్టుకున్నాడు. నేను అత్తయ్య నడుం పట్టి వెనక్కి లాగాను. ముగ్గురం పెట్టెలో కుప్పకూలాం. తమలపాకులు చెల్లాచెదరయ్యాయి.

గుడ్లవల్లేరు వచ్చేదాకా ఆయన ఆ ఆకులే ఏరుకున్నాడు. అప్పుడాయన తల వంచుకుని, "తప్పయిందమ్మా" అన్నాడు.

"నీ తప్పేముంది నాయనా, నాకు నేర్పిందే నీకూ నేర్పారు. ఎక్కడికి?"

"మా అమ్మాయికి గుడివాడలో సంబంధం ఖాయం చేసుకోడానికమ్మా."

అత్తయ్య మొహం తిప్పేసుకుంది. గుడివాడలో ఆయన దిగాడు. దిగినవాడు వెళ్ళిపోకుండా మా కిటికీ దగ్గరికొచ్చి నించున్నాడు. "అమ్మా, వెళ్ళొస్తాను" అన్నాడు. అని కదల్లేదు. అత్తయ్య ముసుగు ఇంకాస్త ముందుకి లాక్కుంది. మోచేత్తో పొడిచాను.

"క్షేమంగా వెళ్ళి లాభంగా రా నాయనా" అంది, ఎవరైనా కోప్పడతారేమోనన్నంత చిన్నగా.

ఆ సంబంధం కుదిరిందో లేదో నాకు తెలియదు. ఆయన పేరు కూడా అడగలేదు.

తిరుగు దారి

మద్రాసులో ఇరవై రోజులున్నాం. ఆ ఊరి గొప్పలు రాసినవాళ్ళు చాలామంది ఉన్నారు, నేను ఆసుపత్రి వరండా, సాంబారు తప్ప ఏమీ చూడలేదు. కుడి కన్ను దక్కింది. కట్టు విప్పిననాడు నన్ను చూసి, "నీకూ జుట్టు నెరిసిందేమిట్రా!" అని ఏడ్చింది. చెక్క రైలు మాత్రం తిరిగి ఇవ్వనంది. మా వసారాలో ఉన్నది వీరాచారి చేత, ఈసారి పట్టాలతో సహా, మళ్ళీ చెక్కించుకున్నది. ఇది కూడా తిరగేసే చెక్కాడు.

బెజవాడలో బందరు బండి దగ్గర నించుని, "ఏ పెట్టె ఎక్కుదాం?" అన్నాను.

"ఇంజను పక్కదానికి పద" అంది.

ముందుకి తిరిగిన బల్లమీద, కిటికీ పక్కన కూర్చుంది. కళ్ళద్దాలు రెండు చేతులతోనూ పట్టుకుని, వచ్చిన ప్రతి ఊరి పేరూ అడిగింది. ఆకుమళ్ళు పచ్చగా ఉన్నాయి. గాలికి ముసుగు జారితే సర్దుకోలేదు. గుడివాడ దాటాక ఒక వంపు దగ్గర రైలంతా కనిపిస్తుంది. తల బయటపెట్టి, వెనక్కి చూసి, వేలుతో పెట్టెలు లెక్కపెట్టింది.

"ఎనిమిదిరా సూరీ" అంది.

ఎనిమిది పెట్టెల జనమూ ఆవిడ వెనకాలే బందరు చేరారు. ఒక్కరికీ ఏమీ కాలేదు.